అమెరికా సంబంధమా? కౌంటీ రికార్డు చూడండి... కానీ పూర్తిగా చూడండి!

రాత్రి పదకొండున్నర. పడుకుందామని లైట్ ఆపాను. ఫోన్ మోగింది. తెనాలి నుంచి పిన్ని. అక్కడ పొద్దున్న పది. టిఫిన్లు అయిపోయి, బాబాయ్ షాపుకి వెళ్లిపోయి, పిన్ని తీరిగ్గా ఉండే టైమ్. ఆ టైమ్‌లో ఫోన్ వచ్చిందంటే ఏదో పని ఉన్నట్టే.

“ఏరా, పడుకున్నావా? చెల్లికి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి మీ డల్లాస్‌లోనే. ఫ్రిస్కో అట. సొంత ఇల్లు కూడా ఉందంట. నువ్వు అక్కడే ఉన్నావు కదా, కాస్త కనుక్కుని చెప్పు నాన్నా.”

నేను ఉండేది ఇర్వింగ్‌లో. ఫ్రిస్కో నుంచి అరగంట డ్రైవ్. అయితే ఏంటి? మన ఊళ్లో కనుక్కోవడం అంటే పక్కింటి వాళ్లని అడగడం, కిరాణా కొట్టతన్ని అడగడం, వాళ్ల వీధిలో ఉండే ఎవరో చుట్టాన్ని పట్టుకోవడం. ఇక్కడ నా పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండేవాడి పేరే నాకు తెలీదు. అందుకని సాఫ్ట్‌వేర్ వాడు ఏం చేస్తాడో అదే చేశాను. ల్యాప్‌టాప్ తీశాను.

రెండు గంటలు వెతికాను. ఏదో దొరికింది. దొరికిన వెంటనే పిన్నికి చెప్పేశాను. ఈ ఏడేళ్లలో అమెరికాలో నేను చేసిన తప్పుల్లో అదే పెద్దది. ఆ తప్పు మీరు చేయకూడదనే ఈ ఆర్టికల్.

ఆ రాత్రి ఏం జరిగింది

అబ్బాయి పేరు కొట్టగానే పైన నాలుగు ప్రకటనలు వచ్చాయి. ‘ఈ వ్యక్తి మీద రికార్డులు దొరికాయి!’ అని ఎర్రక్షరాలు. గడియారం తిరుగుతున్నట్టు యానిమేషన్. చివర్లో కార్డు నంబరు అడిగింది. కట్టాను. వచ్చిందేంటంటే పాత అడ్రస్‌లు, ఎప్పుడో మారిపోయిన ఫోన్ నంబర్లు, బంధువులంటూ అసలు సంబంధం లేని వాళ్ల పేర్లు.

అప్పుడు ఆఫీసులో ఒక సీనియర్ ఇల్లు కొన్నప్పుడు అన్న మాట గుర్తొచ్చింది. “అన్నీ కౌంటీ సైట్‌లో ఉంటాయి బాస్, ఫ్రీగా.” కౌంటీ కోర్టు సైట్ తెరిచాను. ఇంటిపేరు, పేరు కొట్టాను. ఒక లైన్ వచ్చింది. కేసు నంబరు, వేసిన తేదీ, పక్కన కేసు రకం: విడాకులు.

గుండె ఝల్లుమంది. స్క్రీన్‌షాట్ తీసి పిన్నికి పంపాను. “ఇది చూడు, అబ్బాయికి ఇదివరకే పెళ్లయినట్టుంది” అని ఒక వాయిస్ మెసేజ్ కూడా పెట్టాను. మంచి పని చేశానన్న తృప్తితో పడుకున్నాను.

లేచేసరికి పిన్ని ఆ స్క్రీన్‌షాట్‌ని పెద్ద మావయ్యకి పంపింది. మావయ్య మధ్యవర్తికి పంపాడు. మధ్యవర్తి అబ్బాయి వాళ్ల నాన్నని నిలదీశాడు. మధ్యాహ్నం నాకు తెలియని నంబరు నుంచి కాల్. ఎత్తాను. ఆ అబ్బాయే.

కోపంగా మాట్లాడి ఉంటే బాగుండేది. చాలా నెమ్మదిగా అడిగాడు. “బ్రో, ఆ కేసు నాది కాదు. నాది కాదని నేను ఎలా ప్రూవ్ చేయాలో మీరే చెప్పండి.”

నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు వెతుక్కుంటూ వెళ్తేనే, కౌంటీ రికార్డులు అసలు ఎలా చదవాలో తెలిసింది.

కౌంటీ అంటే మన జిల్లానే కదా?

అలాగే అనుకుంటాం. కొంతవరకు నిజమే. అమెరికాలో మూడు వేలకు పైగా కౌంటీలు ఉన్నాయి. ఒక్క టెక్సస్‌లోనే 254. తెలంగాణలో జిల్లాలు 33 అని గుర్తు తెచ్చుకుంటే ఆ సంఖ్య ఎంత పెద్దదో అర్థమవుతుంది. వీటిలో సైజు పొంతన ఉండదు. 2020 జనాభా లెక్కల్లో లాస్ ఏంజిలెస్ కౌంటీ జనం కోటి దాటారు. టెక్సస్‌లోనే ఉన్న లవింగ్ కౌంటీలో 64 మంది. మన దగ్గర ఒక పెళ్లి బస్సులో పట్టేంత జనం. వాళ్లకీ ఒక కోర్టు, ఒక రికార్డుల ఆఫీసు ఉంటాయి.

అసలు తేడా ఇంకోటి. మన జిల్లాకి కలెక్టర్ పై నుంచి వస్తారు. ఇక్కడ పైనుంచి ఎవరూ రారు. టెక్సస్‌లో కౌంటీ క్లర్క్, డిస్ట్రిక్ట్ క్లర్క్, షెరిఫ్, పన్నులు వసూలు చేసే అధికారి, వీళ్లంతా ఓట్లతో గెలిచి వచ్చేవాళ్లే. ‘క్లర్క్’ అంటే గుమాస్తా అనుకోకండి. మన సబ్‌రిజిస్ట్రార్, పెళ్లిళ్ల రిజిస్ట్రార్, కోర్టు రికార్డ్ రూమ్ అధికారి కలిస్తే ఎలా ఉంటుందో అలాంటి పదవి.

ఎవరి కౌంటీ వాళ్లదే కాబట్టి ఎవరి సైట్ వాళ్లదే. ఒక కౌంటీలో సెర్చ్ చేస్తే పక్క కౌంటీ రికార్డు రాదు. ఇక్కడే మొదటి చిక్కు. ఫ్రిస్కో అనేది ఒకే ఊరు. కానీ సగం కాలిన్ కౌంటీలో, సగం డెంటన్ కౌంటీలో ఉంది. రోడ్డు దాటితే కౌంటీ మారిపోవచ్చు. “అబ్బాయి ఫ్రిస్కోలో ఉంటాడు” అంటే సరిపోదు, ఏ కౌంటీ ఫ్రిస్కో అనేది తెలియాలి. కాలిన్ కౌంటీ ఆఫీసులు మెకిన్నీలో ఉంటాయి, డెంటన్ కౌంటీవి డెంటన్ ఊళ్లో.

పేర్లు కూడా అన్ని చోట్లా ఒకటి కాదు. లూసియానాలో కౌంటీని పారిష్ అంటారు, అలాస్కాలో బరో అంటారు. కనెక్టికట్‌లో కౌంటీ ప్రభుత్వాలనే 1960లో ఎత్తేశారు. అక్కడ ఇంటి దస్తావేజు కావాలంటే ఆ ఊరి టౌన్ క్లర్క్ దగ్గరికి వెళ్లాలి.

ఏ కాగితం ఎవరి దగ్గర?

నేను ఆ రాత్రి ఒకే సెర్చ్ బాక్స్‌లో అన్నీ దొరుకుతాయనుకున్నాను. దొరకవు. టెక్సస్ లెక్క చెప్తాను, ఇక్కడ మనవాళ్లు ఎక్కువ కాబట్టి.

పెళ్లి లైసెన్సు: కౌంటీ క్లర్క్ దగ్గర. టెక్సస్‌లో పెళ్లి చేసుకోవాలంటే ముందు లైసెన్సు తీసుకోవాలి. మామూలుగా 72 గంటలు ఆగాక పెళ్లి, 90 రోజులు దాటితే ఆ లైసెన్సు చెల్లదు. పెళ్లి టెక్సస్‌లో ఎక్కడైనా జరగొచ్చు. కాగితం మాత్రం లైసెన్సు ఇచ్చిన కౌంటీకే తిరిగి వెళ్తుంది. హ్యూస్టన్‌లో పెళ్లి జరిగినా లైసెన్సు డల్లాస్‌లో తీసుకుంటే రికార్డు డల్లాస్‌లోనే ఉంటుంది. వీసా పనుల కోసం ముందు ఇక్కడ రిజిస్టర్ పెళ్లి చేసుకుని, తర్వాత ఇండియాలో పందిరి వేసుకునే జంటలు మనలో చాలామంది ఉన్నారు. ఆ మొదటి పెళ్లి రికార్డు ఇక్కడే ఉంటుంది. దాన్ని చూసి “రహస్యంగా పెళ్లి చేసుకున్నాడు” అనేయకూడదు.

విడాకులు: డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర. టెక్సస్‌లో విడాకుల కేసు వేయాలంటే ఇద్దరిలో ఒకరు కనీసం ఆరు నెలలు రాష్ట్రంలో, 90 రోజులు ఆ కౌంటీలో ఉండి ఉండాలి. అంటే మనిషి ఎక్కడెక్కడ ఉన్నాడో తెలిస్తే, ఏ కౌంటీల్లో వెతకాలో తెలుస్తుంది.

క్రిమినల్ కేసులు: రెండు చోట్ల. పెద్ద నేరాలైతే డిస్ట్రిక్ట్ క్లర్క్. తాగి బండి నడిపి మొదటిసారి పట్టుబడ్డం లాంటివి కౌంటీ కోర్టుకి వెళ్తాయి, వాటి రికార్డు మామూలుగా కౌంటీ క్లర్క్ దగ్గర. స్పీడ్ టికెట్ లాంటి చిన్నవి ఊరి మునిసిపల్ కోర్టులో, లేకపోతే జస్టిస్ ఆఫ్ ద పీస్ కోర్టులో ఉంటాయి.

ఇల్లు: ఇంటి దస్తావేజు కౌంటీ క్లర్క్ దగ్గర. ఇంటి విలువ, ఓనర్ పేరు అప్రైజల్ డిస్ట్రిక్ట్ అనే వేరే ఆఫీసు దగ్గర. పన్ను కట్టారా లేదా అనేది పన్నుల ఆఫీసు దగ్గర.

దివాలా: అసలు కౌంటీలోనే ఉండదు. అది ఫెడరల్ కోర్టు వ్యవహారం. దానికి పేసర్ అనే కేంద్ర వ్యవస్థ ఉంది. పేజీకి పది సెంట్లు, ఒక పత్రానికి మూడు డాలర్లు గరిష్ఠం. మూడు నెలల్లో 30 డాలర్లు దాటకపోతే ఏమీ కట్టక్కర్లేదు.

వీసా స్టేటస్: ఎవరికీ కనపడదు. అది ఏ కౌంటీ సైట్‌లోనూ ఉండదు. ఉందని చెప్పే సైట్‌కి డబ్బులు కట్టకండి.

అసలు సైట్ ఏది, నకిలీ సైట్ ఏది?

పేరు చివర డాట్ గవ్ ఉంటే ప్రభుత్వానిదే. కానీ లేకపోతే నకిలీ అనుకోకూడదు. 2021 దాకా ఆ పేరు కోసం కౌంటీలు ఏటా 400 డాలర్లు కట్టాల్సి వచ్చేది. అందుకని చాలా చిన్న కౌంటీలు డాట్ యూఎస్, డాట్ ఓఆర్‌జీ, డాట్ కామ్‌లతోనే నెట్టుకొచ్చాయి. ఇప్పుడు ఉచితం చేశారు, నెమ్మదిగా మారుతున్నాయి.

నేను ఇప్పుడు వాడే పద్ధతి ఇది. పేరుతో గూగుల్ చేయను. ముందు అడ్రస్‌ని బట్టి కౌంటీ ఏదో తెలుసుకుంటాను. తర్వాత కౌంటీ ప్రధాన సైట్‌కి వెళ్తాను. దొరక్కపోతే నాకో అని పిలిచే కౌంటీల జాతీయ సంఘం సైట్‌లో వెతుకుతాను. కౌంటీ సైట్‌లోంచే క్లర్క్ పేజీకి, అక్కడి నుంచే రికార్డుల సెర్చ్‌కి వెళ్తాను. ఆ సెర్చ్ పేజీ ఒక్కోసారి వేరే ప్రైవేట్ కంపెనీ డొమైన్‌లోకి తీసుకెళ్తుంది, ఎందుకంటే చాలా కౌంటీలు సాఫ్ట్‌వేర్ బయట కొంటాయి. కౌంటీ పేజీలోని లింక్ నుంచే వెళ్లారు కాబట్టి భయం లేదు. మనం నేరుగా ప్రకటన నొక్కి వెళ్లిన సైట్‌కీ దీనికీ అదే తేడా.

ఇండియాలో ఉన్నవాళ్లకి ఒక మాట. కొన్ని కౌంటీ సైట్లు అమెరికా బయటి నుంచి తెరుచుకోవు. సైట్ పాడైందని కాదు, బయటి ట్రాఫిక్‌ని ఆపేస్తారు. అప్పుడు క్లర్క్ ఆఫీసుకి ఈమెయిల్ రాయండి. మర్యాదగా, ఒకే విషయం, సూటిగా రాస్తే జవాబు ఇస్తారు. లీగల్ సలహా మాత్రం అడక్కండి, వాళ్లు ఇవ్వకూడదు.

సైట్‌లో లేని పరిపాలన పత్రాలు కావాలంటే టెక్సస్‌లో 1973 నాటి చట్టం ఒకటుంది, మన సమాచార హక్కు చట్టం లాంటిదే. మన దగ్గర 30 రోజులు. ఇక్కడ ఆలస్యం చేయకుండా ఇవ్వాలి. పది పనిదినాల్లో ఇవ్వలేకపోతే ఎప్పుడిస్తారో రాతపూర్వకంగా చెప్పాలి. కానీ కోర్టు రికార్డులు ఆ చట్టం కిందికి రావు. వాటికి క్లర్క్ దగ్గరికే వెళ్లాలి.

మన పేర్లే మన శత్రువులు

ఇప్పుడు అసలు సమస్య. ఆ సెర్చ్ బాక్స్‌లో నేను కొట్టింది రెండు ముక్కలు: ఇంటిపేరు, పేరు. అమెరికా వాళ్ల దృష్టిలో అది ఒక మనిషిని పట్టించే వివరం. మనకి కాదు.

ఒక్కసారి ఆలోచించండి. పాస్‌పోర్ట్‌లో రెడ్డి, చౌదరి, రావు, కుమార్ అని చివరి పేరు ఉన్నవాళ్లు డల్లాస్ చుట్టుపక్కల ఎంతమంది ఉంటారు? వాళ్లలో సాయి ఎంతమంది, శ్రీనివాస్ ఎంతమంది, కిరణ్ ఎంతమంది? మా టీమ్‌లోనే ముగ్గురు సాయిలు ఉన్నారు. మీటింగ్‌లో “సాయి” అంటే ముగ్గురూ మ్యూట్ తీస్తారు.

దీనికి తోడు స్పెల్లింగ్ గోల. లక్ష్మిని ఒకరు ఎక్స్‌తో రాస్తారు, ఇంకొకరు కే ఎస్ హెచ్‌తో. ‘వెంకట సత్య సాయి’ అని మూడు ముక్కల పేరుంటే, ఒక ఆఫీసులో మూడూ కలిపి మొదటి పేరు అవుతాయి, ఇంకో ఆఫీసులో ‘వెంకట’ మొదటి పేరు, మిగతావి మధ్య పేరు. కొంతమంది పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. వాళ్లకి వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది, అంటే ‘మొదటి పేరు తెలీదు’ అని. ఆ మూడక్షరాలే మొదటి పేరుగా డ్రైవింగ్ లైసెన్సుల దాకా వెళ్లిపోతాయి. అలాంటి మనిషి రికార్డు కావాలంటే అసలు పేరుతో వెతికితే దొరకదు.

అంటే రెండు ప్రమాదాలు. ఉన్న రికార్డు దొరకకపోవచ్చు. వేరేవాళ్ల రికార్డు మీ చేతికి రావచ్చు. నాకు జరిగింది రెండోది.

ఒక లైన్ చూసి తీర్పు చెప్పకూడదు

ఆ అబ్బాయి ఫోన్ పెట్టేశాక నాకు పని మీద మనసు నిలవలేదు. మర్నాడు లంచ్ టైమ్‌లో కారు తీసి కోర్టు హౌస్‌కి వెళ్లాను. సెక్యూరిటీలో బెల్ట్ తీయించారు, ఫోన్ ట్రేలో పెట్టించారు. లోపల ఒక పెద్దావిడ కౌంటర్‌లో ఉంది. కేసు నంబరు ఇచ్చాను. “మొదటి పిటిషన్ కావాలా, చివరి తీర్పు కావాలా?” అని అడిగింది. రెండూ అన్నాను. పేజీకి డాలర్ చొప్పున తీసుకుని, ప్రింట్ తీసి చేతిలో పెట్టింది. ఎందుకు కావాలని ఒక్క ప్రశ్న అడగలేదు. పబ్లిక్ రికార్డ్ అంటే ఇదన్నమాట.

కారులో కూర్చుని చదివాను. పిటిషన్ రెండో పేజీలో ఉంది, పెళ్లి 2009లో జరిగిందని. ఇద్దరు పిల్లలు. మా సంబంధం అబ్బాయి పుట్టింది 1996లో. 2009లో వాడు ఎనిమిదో తరగతి. మధ్య పేరు కూడా వేరు.

అంతే. ఆన్‌లైన్‌లో కనిపించిన ఆ ఒక్క లైన్‌లో పెళ్లి తేదీ లేదు, వయసు లేదు, మధ్య పేరు లేదు. ఆ వివరాలన్నీ అసలు కాగితంలో ఉన్నాయి. లైబ్రరీలో కేటలాగ్ చూసి పుస్తకం చదివేశానని చెప్పినట్టు, నేను ఇండెక్స్ చూసి ఒక మనిషి జీవితం తెలిసిపోయిందనుకున్నాను. కోడ్‌లో ఎర్రర్ మెసేజ్ మొదటి లైన్ మాత్రమే చదివి బగ్ ఫలానా అని చెప్పే జూనియర్‌ని రోజూ తిడతాను. నేనూ అదే చేశాను.

అందుకని ఇప్పుడు ఎవరైనా అడిగితే ఒకటే చెప్తాను. పేరు కలిస్తే మనిషి కలిసినట్టు కాదు. పేరు కాకుండా ఇంకో రెండు వివరాలు కలవాలి. పుట్టిన సంవత్సరం, మధ్య పేరు, అడ్రస్, జీవిత భాగస్వామి పేరు, ఆ టైమ్‌లో అతను ఆ కౌంటీలో ఉన్నాడా లేదా, వీటిలో కనీసం రెండు. అవి కలవకపోతే మీ దగ్గర ఉన్నది సమాచారం కాదు, అనుమానం. అనుమానాన్ని స్క్రీన్‌షాట్ తీసి పంపకండి.

కేసు ఆ మనిషిదే అని తేలినా అక్కడితో ఆగకండి. కేసు పెట్టడం వేరు, నేరం రుజువు కావడం వేరు. చివర్లో ‘కొట్టివేశారు’ అని ఉందేమో చూడండి. టెక్సస్‌లో అర్హత ఉన్నవాళ్లు కోర్టుకెళ్లి అరెస్టు రికార్డునే పూర్తిగా తుడిచేయించుకోవచ్చు. అయినా ఆ పాత కాపీ ఏదో ప్రైవేట్ సైట్‌లో పడి ఉంటుంది. డబ్బులు తీసుకుని ఎర్రక్షరాలు చూపించేది అలాంటి సైట్లే.

‘ఏమీ లేదు’ అంటే ఏమీ లేదనేనా?

కాదు. మీరు వెతికిన కౌంటీలో, మీరు వెతికిన స్పెల్లింగ్‌తో, ఆ సైట్‌లో ఎక్కించిన సంవత్సరాల్లో ఏమీ దొరకలేదని మాత్రమే. పెళ్లి ఇండియాలో జరిగి ఉంటే ఇక్కడ లైసెన్సు ఉండదు. విడాకులు వేరే రాష్ట్రంలో అయి ఉండొచ్చు. న్యూయార్క్‌లో విడాకుల ఫైళ్లు భార్యాభర్తలకీ వాళ్ల లాయర్లకీ తప్ప బయటివాళ్లకి చూపించరు. కాలిఫోర్నియాలో ‘కాన్ఫిడెన్షియల్ మ్యారేజ్’ అని ఒక రకం లైసెన్సు ఉంది, దాని వివరాలు పబ్లిక్‌కి ఇవ్వరు. అబ్బాయి న్యూజెర్సీలో నాలుగేళ్లు, కాలిఫోర్నియాలో రెండేళ్లు ఉండి టెక్సస్ వచ్చి ఉంటే, టెక్సస్ కౌంటీ ఒక్కటి చూసి “క్లీన్” అనడం కూడా తప్పే.

ఇక “సొంత ఇల్లు”. అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైట్‌లో అడ్రస్ కొట్టాను. ఇల్లు ఉంది, నిజమే. అబ్బాయి, వాళ్లన్నయ్య ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఎంతకి కొన్నారో మాత్రం అక్కడ దొరకదు. టెక్సస్‌లో అమ్మకం ధర ప్రభుత్వానికి చెప్పాలన్న రూలే లేదు. చాలా దస్తావేజుల్లో ‘పది డాలర్లు, ఇతర విలువైన ప్రతిఫలం’ అని ఉంటుంది. అది చూసి “పది డాలర్లకి ఇల్లేంటి రా?” అని బాబాయ్ ఆశ్చర్యపోయాడు. అసలు లెక్క పక్క పత్రంలో ఉంటుంది. బ్యాంకుకి తాకట్టు పెట్టిన డీడ్ ఆఫ్ ట్రస్ట్‌లో అప్పు ఎంతో రాసి ఉంటుంది. మన ఈసీలో మార్ట్‌గేజ్ కనిపించినట్టే.

పెళ్లికే కాదు, మీ పనికీ

ఈ తిరుగుడులో నాకు తెలిసిన ఇంకో రెండు మూడు సంగతులు చెప్పాలి. ఇక్కడున్న మనవాళ్లకి డబ్బులు మిగులుతాయి.

ఇల్లు కొన్న కొన్ని వారాలకి మీకు ఒక ఉత్తరం వస్తుంది. గద్ద బొమ్మ, సీలు లాంటి ముద్ర, చివరి తేదీ. “మీ దస్తావేజు సర్టిఫైడ్ కాపీ కోసం వంద డాలర్ల పైన పంపండి” అని. అది ప్రభుత్వం నుంచి వచ్చింది కాదు. టెక్సస్ కౌంటీ క్లర్క్ దగ్గర కాపీ పేజీకి ఒక డాలర్, సర్టిఫికేషన్‌కి ఐదు డాలర్లు. నాలుగు పేజీల దస్తావేజుకి తొమ్మిది డాలర్లతో పని అయిపోతుంది. అలాగే మీరు ఉండే ఇంటికి పన్ను తగ్గించే హోమ్‌స్టెడ్ మినహాయింపు అప్లికేషన్ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌లో ఉచితం. దానికి ఫీజు అడిగేవాళ్లు మధ్య దళారులే.

మీ ఇంటి మీద దొంగ దస్తావేజు ఎవరైనా ఎక్కిస్తారేమో అని భయమా? చాలా కౌంటీ క్లర్కులు ఉచితంగా అలర్ట్ ఇస్తున్నారు. మీ పేరు మీద ఏ పత్రం రికార్డైనా ఈమెయిల్ వస్తుంది. ఆ దొంగతనాన్ని అది ఆపదు, కానీ మర్నాడే మీకు తెలుస్తుంది.

టెక్సస్‌లో చేసుకున్న పెళ్లికి సర్టిఫైడ్ కాపీ కావాలంటే ఆస్టిన్‌కి రాయకండి. రాష్ట్ర ఆఫీసు ‘పెళ్లి లైసెన్సు నమోదైంది’ అని ధ్రువీకరణ లేఖ మాత్రమే ఇస్తుంది. అసలు కాపీ ఇచ్చేది లైసెన్సు ఇచ్చిన కౌంటీ క్లర్కే. ఇండియాలో వాడాల్సిన కాగితమైతే దాని మీద అపోస్టిల్ ముద్ర టెక్సస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసులో వేస్తారు. ముందు కౌంటీ, తర్వాత ఆస్టిన్. ఈ వరస తెలీక రెండుసార్లు పోస్టు ఖర్చు పెట్టిన ఫ్రెండ్ నాకు ఉన్నాడు.

తర్వాత ఏమైంది

కోర్టు కాగితాలు ఫొటో తీసి పిన్నికి, మావయ్యకి, మధ్యవర్తికి పంపాను. అబ్బాయికి ఫోన్ చేసి సారీ చెప్పాను. “పర్లేదు బ్రో, మీ చెల్లి కోసం చూశారు కదా” అన్నాడు. ఆ మాట నన్ను ఇంకా కుంగదీసింది.

సంబంధం కుదరలేదు. జాతకాలు కలవలేదని వాళ్లింట్లో వాళ్లు చెప్పారు. అదే నిజం కావచ్చు. నాకు మాత్రం నమ్మకం లేదు. కొడుకుని లేని విడాకుల కేసుతో నిలదీసిన ఇంటికి వియ్యం అందడానికి ఎవరికి మనసొస్తుంది?

వారం తర్వాత చెల్లి ఫోన్ చేసింది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను.

“అన్నయ్యా, అందరూ అతని గురించి కనుక్కున్నారు. అతన్నే అడుగుదామని ఒక్కరికీ అనిపించలేదా? నేను రెండుసార్లు వీడియో కాల్ మాట్లాడాను. నన్ను అడిగితే నేనే అడిగేదాన్ని కదా.”

అది నిజం. ఆ రాత్రి నేను ఎంత తెలివిగా వెతికానో అనుకున్నాను కానీ, అన్నిటికన్నా సులువైన దారి వదిలేశాను. “ఈ పేరుతో ఒక కేసు కనిపించింది, మీదేనా?” అని ఒక్క మెసేజ్. అతను మధ్య పేరు, పుట్టిన సంవత్సరం చెప్పేవాడు, నేను కాగితంతో సరిచూసుకునేవాణ్ని. విషయం మా ఇద్దరి మధ్యే అయిపోయేది.

రికార్డులు చూడొద్దని నేను అనను. చూడండి. అమెరికా సంబంధం పేరుతో మోసపోయిన ఆడపిల్లల కథలు మనకి తెలియనివి కావు, తల్లిదండ్రుల భయంలో తప్పేం లేదు. కానీ చూస్తామని అవతలివాళ్లకి ముందే చెప్పండి. అబ్బాయి ఎక్కడెక్కడ ఉన్నాడో అతన్నే అడిగి కౌంటీల లిస్టు రాసుకోండి. మీ అమ్మాయి వివరాలూ వాళ్లకివ్వండి. ఏదైనా కనిపిస్తే ముందు అసలు కాగితం తెప్పించండి, తర్వాత ఆ మనిషినే అడగండి, ఆ తర్వాతే పెద్దవాళ్ల గ్రూపులో పెట్టండి. ఈ వరస తిరగబడకూడదు.

ఇంకో పని కూడా చేయండి. మీరు అమెరికాలో ఉంటే మీ కౌంటీ సైట్‌లో మీ పేరు మీరే వెతుక్కోండి. నేను వెతికాను. నా పేరుతో నలుగురు ఉన్నారు. ఒకాయన మీద చెల్లని చెక్కు కేసు, ఇంకొకాయనకి రెండు స్పీడింగ్ టికెట్లు. ఎప్పుడో ఒకరోజు ఏదో ఊళ్లో ఎవరో పిన్ని వాళ్లబ్బాయి నా గురించి వెతుకుతాడు. ఆ రోజు కోసం ఆ రెండు కేసుల పిటిషన్లు, వాటిలో నాది కాని మధ్య పేర్లు ప్రింట్ తీసి ఫైల్‌లో పెట్టుకున్నాను. మొత్తం ఏడు పేజీలు. ఏడు డాలర్లు.